జపాన్‌లో రామెన్ హోటల్‌కి వెళ్తే ఎలా తినాలి?

రామెన్ అంటే వేడి రసంలో వేసిచ్చే నూడుల్స్. అవి పెట్టే హోటళ్లు చాలావరకు చిన్నవి. వంటవాడి ఎదురుగా ఒక పొడవాటి కౌంటర్, దాని ముందు ఎనిమిదో పదో సీట్లు, బయట క్యూ. అంత చిన్న చోట అంతమందికీ వేడివేడిగా పెట్టాలి కాబట్టే అక్కడి పద్ధతులు అలా ఏర్పడ్డాయి. ఈ సంగతి తెలిస్తే కొత్తచోటన్న టెన్షన్ సగం పోతుంది.

వెళ్లకముందే: గిన్నెలో ఏముంటుంది?

మనవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఇదే. షోయు అంటే సోయా సాస్, షియో అంటే ఉప్పు, మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. ఇవి రుచి పేర్లు మాత్రమే. షియో అంటే ఉప్పే కదా, శాకాహారమై ఉంటుందిలే అనుకోకండి. అడుగున ఉండే రసం కోడి, పంది ఎముకలతోనో ఎండుచేపలతోనో కాచింది. టోంకొత్సు అయితే పూర్తిగా పంది ఎముకల రసమే. పైన వేసే చాషూ ముక్కలూ మామూలుగా పంది మాంసమే. ముక్కలు తీసి పక్కన పెడితే సరిపోదు, రసంలో ఉన్నది ఎక్కడికీ పోదు.

పంది మాంసం తినని వాళ్లు "బుతానికు హైత్తె ఇమాసు కా?" అని అడగండి. పంది మాంసం ఉందా అని అర్థం. రసం గంటల ముందే కాచి ఉంచుతారు కాబట్టి మన కోసం మార్చమని అడిగి లాభం లేదు. శాకాహారులు వేరే హోటల్ వెతుక్కోవడమే మంచిది. టోక్యో స్టేషన్ లోపల టీస్ తాన్‌తాన్‌లో పూర్తి వీగన్ రామెన్ దొరుకుతుంది. టోక్యోలోనే అసాకుసా ప్రాంతంలో నారితాయా అనే హలాల్ రామెన్ హోటల్ ఉంది.

టికెట్ మిషన్

చాలాచోట్ల తలుపు దగ్గరే మిషన్ ఉంటుంది. ముందు డబ్బు వేయాలి, ఆ తర్వాతే కావాల్సిన రామెన్ బటన్ నొక్కాలి. మామూలు గిన్నె 1000 యెన్లకు అటూఇటూగా ఉంటుంది. పాత మిషన్లు చాలావరకు 1000 యెన్ల నోట్లు, నాణేలు మాత్రమే తీసుకుంటాయి. 2024 జులైలో వచ్చిన కొత్త నోట్లు వాటిలో కొన్నిటికి పడవు. అందుకని చిల్లర దగ్గర ఉంచుకోండి.

బటన్లన్నీ జపనీస్‌లోనే ఉన్నాయా? ఫోన్ కెమెరాతో అనువాదం చూసుకోండి. అదీ కుదరకపోతే ఎడమవైపు పైమూల బటన్ నొక్కండి. ఆ హోటల్ పేరుపడ్డ రామెన్ సాధారణంగా అక్కడే ఉంటుంది. వెనక జనం ఉంటే "దోజో" అని వాళ్లను ముందుకు పంపి, నింపాదిగా చూసుకోండి.

కొన్నిచోట్ల ముందు టికెట్ తీసుకుని క్యూలో నిలబడాలి, కొన్నిచోట్ల క్యూ తర్వాతే టికెట్. ముందున్నవాళ్లు ఎలా చేస్తే అలా చేయండి.

కూర్చున్నాక

టికెట్ కౌంటర్ మీద పెడితే వాళ్లు తీసుకుంటారు. మంచినీళ్లు చాలాచోట్ల మనమే పట్టుకోవాలి. హకాతా (ఫుకువోకా నగరంలోని ప్రాంతం) తరహా హోటళ్లలో నూడుల్స్ ఎంత గట్టిగా కావాలని అడుగుతారు. కొంచెం గట్టిగా కావాలంటే "కతామె", మామూలుగా అయితే "ఫుత్సూ". మొదటిసారి ఫుత్సూ చెప్పండి.

తినడం

గిన్నె రాగానే ఒక ఫోటో చాలు. నూడుల్స్ రసంలో నానేకొద్దీ మెత్తబడి బిగువు పోతుంది. ముందు చెంచాతో రసం రుచి చూసి, చాప్‌స్టిక్స్‌తో నూడుల్స్ ఎత్తి గట్టిగా జుర్రుకోండి. చారన్నం జుర్రుకున్నట్టే. మన ఇళ్లలో ఆ చప్పుడు చేస్తే పెద్దవాళ్లు కసురుతారు గానీ అక్కడ ఎవరూ తప్పు పట్టరు. జుర్రితే గాలి తగిలి వేడి తగ్గుతుంది, రసం వాసన ముక్కుకు బాగా అందుతుంది. మొహమాటంతో మెల్లగా కొరుక్కుంటూ తింటే ఆ రుచి సగమే తెలుస్తుంది.

పక్కన అన్నం తీసుకుంటే అందులో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకండి. చనిపోయినవాళ్లకు అన్నం పెట్టే పద్ధతి అది.

హకాతా తరహా హోటళ్లలో నూడుల్స్ అయిపోతే "కాయెదామా" అని అడగవచ్చు. మిగిలిన రసంలోకి ఇంకో ముద్ద నూడుల్స్ వేస్తారు, దానికి కొద్దిగా డబ్బు తీసుకుంటారు. అందుకే రసం ముందే తాగేయకండి. చివర్లో రసం మిగిల్చినా ఎవరూ ఏమీ అనుకోరు, ఉప్పు ఎక్కువే ఉంటుంది.

లేచేటప్పుడు

తిన్నాక కబుర్లు పెట్టుకుని కూర్చోకండి, మీ సీటు కోసం బయట ఎవరో ఎదురుచూస్తుంటారు. ఎదుట గట్టులాంటిది ఉంటే ఖాళీ గిన్నె దాని మీద పెట్టి, అక్కడున్న గుడ్డతో మీ ముందు తుడిచి, "గొచిసోసమా దెషిత" అని చెప్పండి. కడుపునిండా తిన్నామని కృతజ్ఞత చెప్పే మాట అది. టిప్ మాత్రం పెట్టకండి. డబ్బు మర్చిపోయారనుకుని వీధిలోకి వచ్చి మరీ తిరిగిచ్చేస్తారు.