మిషను తొక్కే నడుముకి: నొప్పి బిళ్ళలు తగ్గించుకోవడానికి నేను పట్టుకున్న పద్ధతులు

జాకెట్టు కొలతలకి వచ్చినవాళ్ళలో నడుము నొప్పి ఎవరికుందో వీపు మీద టేపు పెట్టగానే నాకు తెలిసిపోతుంది. ఒక భుజం కిందికి దిగి, మనిషి ఒక పక్కకి ఒరిగి నిలబడి ఉంటారు. "నడుమా అక్కా?" అంటాను. "నీకెట్టా తెలిసింది?" అంటారు. మద్రాసులోని పెరంబూరులో ఇరవై రెండేళ్ళుగా మిషను తొక్కుతున్నాను. ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళి ఆర్డరు మధ్యలో నా నడుమే పట్టేసింది. పదకొండు రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత నూనెలు, ఆకులు, సూదులు, ఆసనాలు, అన్నీ చూశాను. కొలతలకి వచ్చినవాళ్ళకి నిలబెట్టి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్కటి చూసుకోండి. నొప్పితో పాటు మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోటా తొడల మధ్యా మొద్దుబారినా, పాదం పైకి లేవక కాలు ఈడుస్తున్నా నూనెలూ ఆకులూ వెతుక్కోవద్దు. ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. నరాలు నలుగుతుంటే ఒక్కో గంటా లెక్కే. కింద పడ్డాక మొదలైన నొప్పి, ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళ నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్ళ నొప్పి, ఎటు తిరిగి పడుకున్నా తగ్గక రాత్రంతా సలిపే నొప్పి, ఇవీ ముందు డాక్టరు చూడాల్సినవే. సాయంత్రాలు సన్నగా జ్వరం తగులుతూ మనిషి చిక్కిపోతుంటే వెన్నుపూసకి క్షయ పట్టిందేమో పరీక్ష చేయించుకోండి. తాంబరం శానటోరియం స్టేషనుకి ఆ పేరు వచ్చింది అక్కడి పాత క్షయ ఆసుపత్రి వల్లే. తర్వాత నేను తమిళుల సంప్రదాయ వైద్యమైన సిద్ధ వైద్యానికి దిగింది కూడా ఆ స్టేషన్లోనే.

ఇవేవీ లేకపోతే భయపడొద్దు. కొత్తగా పట్టిన నడుము చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో బాగా నెమ్మదిస్తుంది. నేను చేసిన తప్పు పదకొండు రోజులు పడుకోవడం. మా మేనకోడలు ఫిజియోథెరపీ చదివింది. చూడ్డానికి వచ్చి, "అత్తా, ఒకటి రెండు రోజులు పడుకున్నావంటే సరే. ఇంకా పడుకుంటే కండ జారిపోతుంది, లే" అని చేయి పట్టుకుని వాకిట్లోకి నడిపించింది. ఆ రోజు వీధి చివరి పాల బూతు దాకా వెళ్ళి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రాత్రికి అంతకుముందు రోజుకంటే నొప్పి తక్కువే ఉంది.

మొదటి వారం ఇంట్లో చేసుకోగలిగింది కాపడం. రాళ్ళ ఉప్పు రెండు గుప్పెళ్ళు ఇనప మూకుట్లో వేసి, చిటపటలు ఆగేదాకా వేయించండి. పాత నూలు చీర ముక్కని నాలుగు మడతలు వేసి అందులో మూట కట్టండి. పాలిస్టరు గుడ్డ వద్దు, వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది. మూటని ముందు మోచేతి లోపలి పక్కన ఆనించి చూడండి. ఐదు లెక్కపెట్టేలోపు చేయి లాగేయాలనిపిస్తే ఇంకా ఆరాలి. పొట్ట కింద దిండు పెట్టుకుని బోర్లా పడుకోండి. కాపడం పెట్టేవాళ్ళు వెన్నెముక మీద కాకుండా, దానికి రెండు పక్కలా తాడులా బిగిసిన కండ మీద అద్ది తీస్తూ పోవాలి. ఒకేచోట ఉంచేయకూడదు. పదిహేను నిమిషాలు చాలు. చక్కెర జబ్బుతో స్పర్శ తగ్గినవాళ్ళు ఈ మూట జోలికి పోవద్దు, చర్మం కాలినా వాళ్ళకి తెలియదు.

నాయుడుపేట పక్కన మా పుట్టింట్లో ఒళ్ళు నొప్పులకి వావిలాకే మందు. ఇక్కడ దాన్నే నొచ్చి అంటారు. ఆకులమ్మే ఆమెని ముందురోజు అడిగితే తెచ్చిపెడుతుంది. నాలుగు గుప్పెళ్ళ ఆకు తరిగి, రెండు చెంచాల నువ్వుల నూనెలో వాడేదాకా వేయించి, ఉప్పు మూటలాగే కట్టుకోవచ్చు. ఉప్పుకంటే మెత్తగా ఉంటుంది, వేడీ నిలుస్తుంది. ఆకులో మందు గుణం ఎంతో, వేడి గుణం ఎంతో నేను విడదీసి చెప్పలేను గానీ, ఆ వాసన రాగానే ఒళ్ళు వదులైనట్టుండేది.

కాపడం తీశాక వచ్చే అరగంట చాలా విలువైనది. నేను మొదట్లో దుప్పటి కప్పుకుని నిద్రపోయేదాన్ని. లేచేసరికి మళ్ళీ పట్టేసేది. తర్వాత ఆ అరగంటలోనే కదలడం మొదలుపెట్టాను. నేను చేయించుకున్న ప్రతి వైద్యం నాకిచ్చింది కాస్త గడువే. ఆ గడువులో నడుముని కదిలించానా, మంచం ఎక్కానా అన్న దాన్నిబట్టే తర్వాతి వారం ఎట్టా ఉంటుందో తేలేది. మర్దనా గురించీ సూదుల గురించీ చదివేటప్పుడు కూడా ఈ మాట మనసులో పెట్టుకోండి.

సిద్ధ వైద్యానికి తాంబరం శానటోరియంలో జాతీయ సిద్ధ వైద్య సంస్థ ఉంది. కేంద్ర ప్రభుత్వానిది, 2005లో మొదలైంది. పెరంబూరు నుంచి సెంట్రల్, అక్కడ రోడ్డుకి ఇవతల పార్క్ స్టేషన్లో తాంబరం బండి. కూర్చుంటే లేవలేనని దారి పొడుగునా కమ్మీ పట్టుకుని నిలబడేదాన్ని. వాళ్ళ మర్దనాని తొక్కణం అంటారు. తట్టడం, అదమడం, పట్టి బిగించడం, లాగడం, ఇట్లా తొమ్మిది రకాలట. వర్మం అంటే ఒంట్లో 108 చోట్లని లెక్కగట్టి, వాటిని ఎంత ఒత్తిడితో ఎంతసేపు నొక్కాలో చెప్పే విద్య. నన్ను చూసిన డాక్టరమ్మ ముందు నా కాళ్ళ బలం చూసింది, బొటనవేలు పైకి ఎత్తమంది, మూత్రం గురించి అడిగింది. ఆ తర్వాతే చేయి వేసింది. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఈ ప్రశ్నలు అడిగారా లేదా చూడండి. అడగకుండానే బోర్లా పడుకోమన్న చోట నుంచి నేను లేచి వచ్చేశాను.

కటివస్తి ఇంటికి దగ్గర్లోనే ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గర చేయించుకున్నాను. తడిపిన మినప్పిండిని గట్టి ముద్దలా చేసి, నడుము మీద గాజులాగ గుండ్రంగా, రెండంగుళాల ఎత్తు గోడ కడతారు. చుట్టూ నీటి చేత్తో అదిమి నూనె కారకుండా అతుకు వేస్తారు. అందులో గోరువెచ్చటి నూనె నింపి, చల్లారిందాన్ని చెంచాతో తీసి వెచ్చటిది పోస్తూ అరగంట ఉంచుతారు. నాకు వాడింది మహానారాయణ తైలం. ఏడు రోజులు చేశారు. కండ పట్టు వదలడంలో దీనంత హాయి నాకు ఇంకెక్కడా దొరకలేదు. అయితే ఎనిమిదో రోజు మిషను ముందు పాత పద్ధతిలోనే కూర్చున్నాను, పదిరోజులకి నొప్పి తిరిగొచ్చింది. తప్పు నూనెది కాదు. చర్మం మీద పుండ్లు ఉన్నా, జ్వరం ఉన్నా, గర్భిణులైనా ఇది చేయించుకోవద్దు.

సన్నటి సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్‌ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో విడి వైద్య పద్ధతిగా గుర్తించింది. నేను ఆరుసార్లు వెళ్ళాను. నాలుగోసారి నుంచి రాత్రి నిద్ర పట్టింది. మేనకోడలు ఒక జర్మనీ పరిశోధన గురించి చెప్పింది. 2007లో వచ్చింది, 1162 మంది మీద చేశారట. అసలు చోట్లలో సూదులు గుచ్చినవాళ్ళలోనూ, వేరే చోట్లలో పైపైన గుచ్చినవాళ్ళలోనూ దాదాపు సగం మందికి మేలు కనిపించింది. మందులూ వ్యాయామమూ వంటి మామూలు వైద్యంలో ఉన్నవాళ్ళలో అది నాలుగోవంతు కంటే కొంచెం ఎక్కువ. అంటే సూది పడే చోటు మనం అనుకున్నంత ముఖ్యం కాకపోవచ్చు. నాకైతే నిద్ర వచ్చింది, నిద్ర వస్తే పొద్దున్నే నడవగలిగాను. సూదుల ప్యాకెట్టు మీ కళ్ళ ముందే చించాలి, వాడినవి మీ ముందే డబ్బాలో పడేయాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందే చెప్పాలి.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మూడో నెలలో ఎవరో చెప్పారని పేరు లేని పొట్లాల్లో పొడి తెచ్చుకున్నాను. మూడు రోజుల్లో నొప్పి మాయమైంది. రెండు నెలలకి ముఖం గుండ్రంగా ఉబ్బి, నా జాకెట్లే నాకు చేతుల దగ్గర బిగుసుకున్నాయి. చక్కెర ఎప్పుడూ లేనిదాన్ని, పెరిగింది. డాక్టరు పొడి చూసి స్టెరాయిడ్ కలిపి ఉంటారని అనుమానించి, ఒక్కసారిగా మానొద్దని, ఆయన చూస్తుండగా మెల్లగా తగ్గించారు. స్టెరాయిడ్ చాలాకాలం పడ్డాక హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందట. లేబులు మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, లోపల ఉన్న వస్తువుల జాబితా లేని మందు ఎవరిచ్చినా నోట్లో వేసుకోవద్దు. పాదరసం, సీసం ఉండే రసౌషధాలని డాక్టరు పర్యవేక్షణ లేకుండా సొంతంగా కొనుక్కోవద్దు.

నడుము బెల్టు నా దగ్గర ఇంకా ఉంది. బస్సు ప్రయాణంలో ఒకరోజు వాడుకోండి, ఇంట్లో రోజంతా కట్టుకోవద్దు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులూ, బరువులు కట్టి లాగే ట్రాక్షనూ మామూలుగా వాడొద్దని చెప్పింది. అది సూచించిన వాటిలో వ్యాయామం, మర్దనా, చేత్తో వెన్ను సర్దే చికిత్స ఉన్నాయి. మెడ విరిచినట్టు చప్పుడు చేసి సర్దేవాళ్ళ దగ్గరికి మాత్రం, చదువుకుని పట్టా ఉన్నవాళ్ళయితే తప్ప వెళ్ళొద్దు.

ఇక కదలిక. మద్రాసులో కృష్ణమాచార్య యోగ మందిరం అని 1976లో దేశికాచార్ తన తండ్రి పేరున పెట్టారు. ఆసనానికి మనిషిని వంచడం కాదు, మనిషికి తగ్గట్టు ఆసనాన్ని మార్చాలన్నది వాళ్ళ పద్ధతి. మా వీధి టీచరమ్మ కూడా అట్లాగే నేర్పింది. నాకు పెట్టిన వరుస ఇది.

మొదట వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, నడుము కింద చేయి పెట్టి, ఊపిరి వదులుతూ ఆ చేతిని మెల్లగా నేలకి అదమండి. పదిసార్లు. తర్వాత పిల్లి లాగ చేతులూ మోకాళ్ళ మీద నిలబడి, వీపు పైకీ కిందికీ, నొప్పి లేనంత మేరకే ఎనిమిదిసార్లు. అదే భంగిమలో కుడిచేయి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాపి పది లెక్కపెట్టండి, మార్చి చేయండి. వీపు మీద చెంబు పెట్టినా పడనట్టుండాలి. మళ్ళీ వెల్లకిలా పడుకుని పిరుదులు పైకెత్తే సేతుబంధాసనం, పదిసార్లు. చివరగా బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తి రెండు నిమిషాలు. కాల్లోకి లాగే నొప్పి ఉంటే ఈ చివరిదాన్ని జాగ్రత్తగా గమనించండి. నొప్పి పిక్క నుంచి తొడకి, తొడ నుంచి నడుముకి వెనక్కి వస్తుంటే మంచి గుర్తు, చేస్తూ ఉండండి. పాదం వైపు దిగుతుంటే ఆపేయండి.

వంగి కాలి వేళ్ళు పట్టుకునే ఆసనాలు మొదటి నెలల్లో వద్దు. నిద్ర లేచిన గంటలోపు ఏ వంగుడూ వద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద భారం ఎక్కువ. ముగ్గు వేసేవాళ్ళు కాఫీ తాగి, కాస్త అటూ ఇటూ తిరిగాక వేసుకోండి. నేను కూర్చుని వేయడం మానేసి, మోకాలు నేలకి ఆనించి వేస్తున్నాను.

ఇంత చేసినా ఏడాది దాకా నొప్పి పోయి వచ్చేది. ఒకరోజు మేనకోడలు మిషను పక్కన స్టూలేసుకుని గంటసేపు నన్ను చూస్తూ కూర్చుంది. నల్ల జాకెట్టుకి నల్ల దారంతో హెమ్మింగు పని. "అత్తా, నీ ముక్కుకీ సూదికీ మధ్య జానెడు కూడా లేదు" అంది. అప్పటికి నాకు నలభై నాలుగు. దగ్గరచూపు తగ్గిందని నాకే తెలియదు. కుట్టు కనపడక వంగుతున్నాను, వంగి వంగి నడుము పోగొట్టుకున్నాను.

మరునాడే కళ్ళజోడు చేయించాను. మిషనుకి ఎడమ పక్కన, సూది మీద పడేట్టు చిన్న లైటు బిగించాను. స్టూలు కాళ్ళ కింద రెండంగుళాల చెక్క ముక్కలు కొట్టించాను. స్టూలొక్కటే ఎత్తితే ఇంకా వంగాల్సి వస్తుంది కాబట్టి మిషను బల్ల కిందా అంతే పెట్టించాను. తుంటి మోకాలికంటే కొంచెం పైన ఉండాలి, మోచేయి బల్ల ఎత్తుకి రావాలి. ఒక జాకెట్టుకి చేతులు కుట్టగానే లేచి, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి అతుకులు నొక్కుతాను. ముందు అన్నీ కుట్టి చివర్లో ఒకేసారి ఇస్త్రీ చేసేదాన్ని. ఇప్పుడు గంటకి రెండుసార్లు తప్పనిసరిగా లేస్తున్నాను.

మీరు మిషను తొక్కకపోవచ్చు. కంప్యూటరు, రొట్టెల పీట, స్కూటరు, ఏదైనా కానివ్వండి. కాపడానికి ఉప్పు వేయించేలోపు, పక్కన ఎవరినైనా గంటసేపు కూర్చోబెట్టి, మీరు ఎక్కడ వంగుతున్నారో చూసి చెప్పమనండి.