ఊరి ముందు సైన్సు – 4వ పాఠం: బోరు ఎందుకు ఉప్పెక్కుతుంది?

మూడో పాఠం దాకా ఒక్క మనిషికి అర్థమయ్యేలా చెప్పడం సాధన చేశారు. ఈసారి రామాలయం అరుగు దగ్గర పదిమంది ముందు చెప్పాలి. ఎంచుకున్న విషయం వాళ్ల ఇంటిదే: కోనసీమలో రాజోలు, మలికిపురం, అంతర్వేది వైపు ఎండాకాలంలో బోరు నీళ్లు ఉప్పగా ఎందుకు మారతాయి? దాళ్వా (రబీ వరి) కోతలై కాలువలకు నీళ్లు కట్టేసే రోజులు దీనికి సరైన అదను. ఫిబ్రవరి 28న, సైన్సు దినోత్సవం నాడు చేస్తే చప్పట్లు కొడతారు గానీ, కాలువ నిండుగా పారుతుంటే బోరు గొడవ ఎవరికీ పట్టదు.

కావలసినవి: అడుగు పొడవు, జానెడు ఎత్తు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గాజు తొట్టి, దాదాపు 6 కిలోల ముతక గోదావరి ఇసుక, ఉప్పు, ఎర్ర మిఠాయి రంగు, మందుల షాపులో దొరికే సెలైన్ ట్యూబు రెండు ముక్కలు, 20 మి.లీ. సిరంజీ, చిన్న గరాటు.

ఇసుక కడగడంలోనే సగం పని ఉంది. పోసిన నీళ్లు తేటగా దిగేదాకా కడగండి, ఆరేడు సార్లు పడుతుంది. ఒండ్రు కాస్త మిగిలినా తొట్టి మొత్తం మసకబారి రంగు కనిపించదు. సన్న ఇసుకైతే నీరు కదలదు, సిరంజీ లాగలేక చెయ్యి నొప్పెడుతుంది.

మొదట ట్యూబులు అమర్చాలి. ఒకటి మూలన, అడుగుకి తగిలేలా. ఇది ఉప్పునీరు పోయడానికి. రెండోది మన బోరు. దాని కొసకు పల్చటి నైలాన్ గుడ్డ కట్టి, అడుగు నుంచి 7 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు గాజుకు ఆనించి టేపు వేయండి. గాజుకు ఆనకపోతే జరిగేదంతా ఇసుక లోపలే జరుగుతుంది, చూసేవాళ్లకు ఏమీ కనపడదు. తర్వాత తొట్టిలో పావు వంతుకు మంచినీళ్లు పోసి, ఆ నీళ్లలోకి ఇసుకను గుప్పెడు గుప్పెడుగా వదలండి. ముందు ఇసుక పోసి పైన నీళ్లు పోస్తే గాలి బుడగలు ఇరుక్కుంటాయి. ఇసుక 12 సెంటీమీటర్లు రావాలి, దానిపైన ఒక సెంటీమీటరు నీరు నిలవాలి.

ఇప్పుడు ఉప్పునీరు. లీటరు నీటికి 35 గ్రాములు, అంటే సముద్రమంత ఉప్పు. కళ్లుప్పయితే కరిగాక గుడ్డలో వడకట్టండి. రంగు కలిపి, 400 మి.లీ. మూల ట్యూబులోకి గరాటుతో సన్నగా పోయండి. తొందరపడితే ఉప్పునీరు ఇసుకను చీల్చుకుని పైకి వస్తుంది. నిదానంగా పోస్తే అడుగున మూడు వేళ్ల మందాన ఎర్రగా పరుచుకుంటుంది. ఇదంతా జనం రాకముందే అయిపోవాలి. తొట్టి వెనక తెల్ల కాగితం అంటించడం మరవకండి.

చెప్పడం ప్రశ్నతో మొదలుపెట్టండి: "మీ బోరు ఎన్ని గొట్టాలు దించారు బాబాయ్?" ఆయన చెప్పాక బోరు ట్యూబు పై కొసకు సిరంజీ తగిలించి ఆయన చేతికే ఇవ్వండి. మీరు లాగితే అది గారడీ, ఆయన లాగితే ఆయన బోరు. లాగిన నీటిని గాజు గ్లాసులోకి వదలమనండి. రెండోసారి సిరంజీ నిండేసరికల్లా ట్యూబు కింద ఎరుపు గుట్టలా లేస్తుంది. మూడు నుంచి ఆరు సిరంజీల లోపు గ్లాసులో రంగు దిగుతుంది. ఆ నిమిషంలో మీరేమీ మాట్లాడకండి, వాళ్లే మాట్లాడతారు. ఆపేసి కాసేపు చూస్తే గుట్ట మెల్లగా దిగుతుంది గానీ పూర్తిగా మొదటిలా అవదు. అది కూడా చూపించండి.

కారణం రెండు మాటల్లో: లీటరు సముద్రపు నీరు లీటరు మంచినీటి కంటే సుమారు 25 గ్రాములు బరువు, అందుకే అడుగున ఉంటుంది. (35 గ్రాముల ఉప్పు వేస్తే 25 ఏమిటని తెలివైన పిల్లాడు అడుగుతాడు. ఉప్పు కరిగి నీటి పరిమాణాన్ని కూడా కాస్త పెంచుతుందని చెప్పండి.) ఈ తేడా నుంచే లెక్క వస్తుంది: సముద్ర మట్టం కంటే మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉండగలదు. పైన మీటరు తగ్గితే, నేలలోని నీరు కుదుటపడేసరికి కింద ఉప్పు 40 మీటర్లు లేవగలదు. బాడన్ గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు ఇంజనీర్లు వేర్వేరుగా కట్టిన లెక్క ఇది. పేర్లు అరుగు మీద అక్కర్లేదు, 40 ఒక్కటి చాలు.

తాగే నీటిలో కరిగిన లవణాలు (టీడీఎస్ అంటే ఇవే) లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం, వేరే గతి లేకపోతే 2000 దాకా. సముద్రంలో 35,000 ఉంటాయి. అంటే 98 బిందెల మంచినీటిలో 2 బిందెల సముద్రం కలిస్తే చాలు, 500 దాటిపోతుంది. ఆడవాళ్లు ఎక్కువగా పట్టుకునేది ఈ లెక్కనే.

ఇక చిక్కు ప్రశ్నలు. "రొయ్యల చెరువుల వల్లేనా?" అని తప్పకుండా అడుగుతారు. అరుగు మీద చెరువుల వాళ్లూ ఉంటారు. తొట్టి చూపించేది బోరు లాగడం వల్ల కింది ఉప్పు లేవడాన్నే. చెరువు నుంచి ఉప్పు పైనుంచి దిగడం వేరే దారి, అది ఈ తొట్టిలో లేదు. కాబట్టి అవుననీ కాదనీ అనకండి. చెరువు పక్క బోరునూ దూరపు బోరునూ నెలనెలా టీడీఎస్ మీటరుతో కొలిస్తే జాడ తెలుస్తుందని చెప్పి, మీటరు చూపించండి. "సముద్రం ఎక్కడో ఉంది, మాకెందుకు?" అంటే, ఈ డెల్టా నేల ఒకప్పుడు సముద్రమే, బంకమట్టి పొరల్లో పాత ఉప్పునీరు ఇంకా ఉండవచ్చు. "ఇంకో రెండు గొట్టాలు దించితే?" అన్నదానికి జాగ్రత్త. తొట్టిలో ఒకటే ఇసుక పొర. ఊరి కింద మట్టి పొరలు అడ్డుంటే కథ మారుతుంది, పక్క బోర్ల లోతు, రుచి కనుక్కోకుండా దించొద్దనండి.

5వ పాఠానికి అభ్యాసం: మీ వీధిలో అయిదు బోర్లు ఎంచుకుని లోతు, టీడీఎస్, తేదీ రాసుకురండి. కాలువ కట్టేయకముందు ఒకసారి, కట్టేసిన మూడు వారాలకు ఒకసారి. కొలిచే ముందు పంపు అయిదు నిమిషాలు నడవనివ్వండి, గొట్టంలో నిలవున్న నీరు పోవాలి.