పీహెచ్‌సీ టార్గెట్ పెట్టే ముందు కింద అంకె చూసుకోండి

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) కొత్తగా ప్రోగ్రాం చూసేవాళ్ళు పోయినేడాది అంకెకి పది శాతం కలిపేసి ఇదే ఈ ఏడు టార్గెట్ అని రాసేస్తా ఉంటారు. అట్లా చేయొద్దండి. శాతంలో పైన అంకె అందరూ చూస్తారు, దేంతో భాగిస్తా ఉన్నామో ఆ కింద అంకెని ఎవరూ పట్టించుకోరు, సగం గొడవలు అక్కడే.

గర్భిణుల లెక్కే తీసుకోండి. సబ్‌సెంటర్ (పీహెచ్‌సీ కింద ఊర్లు చూసే చిన్న సెంటర్) కింద 5,000 జనాభా, వెయ్యికి 15 జననాలు అనుకుంటే ఏడాదికి 75 కాన్పులు, అబార్షన్లకీ వాటికీ ఇంకో 10 శాతం కలిపితే 82, 83 మంది రిజిస్టర్ కావాల. ఆ 15 నేను ఉదాహరణకి వేసింది, మీ జిల్లా బర్త్ రేట్ ఎంతో అది వేసుకోండి. మరి రిజిస్టర్లో 110 మంది ఉంటే చప్పట్లు కొట్టేయకండి. జనాభా లెక్క పాతదేమో చూడండి, ఏడో నెలలో సీమంతం అయ్యి పుట్టింటికి వచ్చిన అమ్మాయి అత్తగారి ఊర్లో ఒకసారి, ఇక్కడ ఒకసారి ఎక్కిందేమో చూడండి.

తిరుపతి వాళ్ళకి ఇంకో చిక్కు ఉండాది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట వైపు నెల్లూరు నుంచి ఇటొచ్చాయి, మదనపల్లె అన్నమయ్య జిల్లాకి పోయింది. కాబట్టి పాత చిత్తూరు జిల్లా అంకెని ఇప్పటి అంకె పక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనేదానికి లేదు, మండలాల వారీగా తీసి మళ్ళీ కూడుకోవాల్సిందే, విసుగు పనే.

ఏది కొలవాలి అంటారా, ఆస్పత్రి కాన్పుల శాతం పెట్టుకుని లాభం లేదు, 2019-21 ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (జాతీయ కుటుంబ ఆరోగ్య) సర్వేలోనే రాష్ట్రంలో అది 96.5 శాతం, ఇంక పెరిగేదానికి చోటే లేదు. పైగా పల్లెల్లోంచి తిరుపతి మెటర్నిటీకే పోతారు, హెచ్‌ఎంఐఎస్‌లో (ఆస్పత్రుల లెక్కలు ఎక్కించే సర్కారు ఆన్‌లైన్ పద్దులో) కాన్పు ఎక్కడ జరిగితే అక్కడే ఎక్కుతుంది, మీ పీహెచ్‌సీకి సున్నా. దానికన్నా 12 వారాల లోపల రిజిస్టర్ అయిన గర్భిణులు ఎంతమంది, పెంటా (పసిపిల్లలకి మూడు డోసులుగా వేసే టీకా) 1 వేసుకున్న పిల్లల్లో పెంటా 3 దాకా వచ్చినోళ్ళు ఎంతమంది, ఇట్లాంటివి పెట్టండి. 100 మందిలో 88 మందే మూడోది వేసుకుంటే డ్రాపవుట్ 12 శాతం, 10 దాటిందంటే ఎక్కడో తేడా కొడతా ఉన్నట్టే. నాలుగైదు చాలు, ఇరవై పెడితే ఒక్కటీ చూడరు.

బీపీకి మాత్రం కాస్త జాగ్రత్త. ఎంతమందికి స్క్రీనింగ్ చేసినాం అని పెడితే స్క్రీనింగే జరుగుతుంది, అంతే. రిజిస్టరైన బీపీ పేషెంట్లలో ఈ మూడు నెలల్లో 140/90 కన్నా తక్కువ ఉన్నోళ్ళు ఎంతమంది అని పెట్టండి, చూపించుకునేకి రానోళ్ళని కూడా కింద అంకెలో ఉంచండి, వాళ్ళని తీసేస్తే శాతం ముద్దుగా కనపడుతుంది.

ఒకసారి ఒక సెంటర్లో ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి జబ్బుల) రిజిస్టర్ తిరగేస్తే పేజీ నిండా 120/80, 130/80, మళ్ళీ 120/80, ఒకే పెన్ను, తేదీలు మాత్రం వేరే. మిషన్ తీసి చూస్తే బ్యాటరీలే లేవు. అడిగితే అక్కడ రిజిస్టర్ రాసే మేడం "ఏం చేయమంటారు సార్, సాయంత్రం లోపల 40 మందిని ఎక్కించమన్నారు" అనింది. నేనైతే ఆమెని తప్పు పట్టను, 40 అని రాసినోళ్ళని పడతాను. నిజంగా కొలిస్తే 138/86, 144/92 అని గజిబిజిగా వస్తాయి. అందుకే నెలకి ఓ పది పేర్లు చీటీలేసి తీసి, ఇంటికిపోయి కొలిచి రిజిస్టర్‌తో సరిచూడడం కూడా టార్గెట్ కాగితంలోనే రాసేయండి.

ఇంక అంకె ఎంత అనేదానికి, మీ కింద సెంటర్ల పోయినేడాది శాతాలు వరసలో పెట్టి పై పావు వంతు ఎక్కడుందో చూడండి, మిగతావాళ్ళు రెండేళ్ళలో అక్కడికి రావాలని పెట్టుకోండి. తలకోన వైపు అడవి పల్లెలు చూసే సెంటర్ని, తిరుపతి టౌన్ సెంటర్ని ఒకే గాటన కట్టొద్దు. ఫైనల్ చేసే ముందు ఏఎన్ఎంలని (సబ్‌సెంటర్ నర్సుల్ని), ఆశాలని కూర్చోబెట్టి చదివి వినిపించండి, ఏ ఇల్లు తాళమేసి బెంగళూరు పోయిందో వాళ్ళకే తెలుసు.