స్పానిష్ భాషాశాస్త్రం ప్రొఫెసర్‌ను ఎంచుకోవడం: పాత విద్యార్థుల మాట ఎంతవరకు నమ్మాలి?

ఇంటర్ వరకు ఏ సెక్షన్‌లో వేస్తే ఆ సెక్షన్‌లో కూర్చున్నవాళ్లం. అమెరికాలో డిగ్రీకి వచ్చేసరికి పాఠం చెప్పేవారిని మనమే ఎంచుకోవలసి వస్తుంది. ఒకే కోర్సును ఒకే సెమిస్టరులో ఇద్దరు ముగ్గురు చెబుతుంటారు. ఎవరి దగ్గర చేరాలో తేల్చుకోవడానికి అందరూ ముందుగా చూసేది పాత విద్యార్థుల అభిప్రాయాలే. వాటిని ఎలా చదవాలో చెప్పడానికి స్పానిష్ భాషాశాస్త్రం కోర్సును తీసుకుంటున్నాను. ఒకే ప్రొఫెసర్ గురించి పూర్తిగా విరుద్ధమైన మాటలు వినిపించే తరగతుల్లో అది ఒకటి. పైగా అందులో మన స్థానం కొంచెం వింతగా ఉంటుంది.

మనవాళ్లు అక్కడికి ఎలా చేరతారంటే, చాలా విశ్వవిద్యాలయాల్లో బీఏ డిగ్రీకి ఒక విదేశీ భాష తప్పనిసరి. అమెరికా కళాశాలల్లో అందరికంటే ఎక్కువమంది చదివే విదేశీ భాష స్పానిష్. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉంటే దుకాణంలో, ఆసుపత్రిలో, బస్సులో రోజూ చెవిన పడుతుంది కాబట్టి ఎక్కువమంది దానినే తీసుకుంటారు. రెండేళ్ల భాషా కోర్సులు ముగిశాక మూడు వందల అంకెతో మొదలయ్యే కోర్సుల్లో భాషాశాస్త్ర పరిచయం, ధ్వనిశాస్త్రం, మాండలికాలు వస్తాయి. బోధన చాలాచోట్ల పూర్తిగా స్పానిష్‌లోనే. చేరే ముందు ఒక సంగతి సలహాదారుని అడగండి: ఇంగ్లిషు కాని భాషలో ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేసినవారికి భాషా నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఇంగ్లిషు మీడియంలో చదివినవారికి అది వర్తిస్తుందా లేదా అన్నది వాళ్లే చెప్పాలి. తెలుగు సబ్జెక్టు మార్కులున్న పత్రాలు మాత్రం దగ్గర పెట్టుకోండి.

ఇక అభిప్రాయాల సంగతి. ఈ తరగతిలో ప్రధానంగా రెండు రకాల విద్యార్థులుంటారు. ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ పెరిగినవారు ఒకరు. తల్లిదండ్రులు మెక్సికో నుంచో ఎల్ సాల్వడోర్ నుంచో ప్యూర్టోరికో నుంచో వచ్చి ఉంటారు. ఇంట్లో ఇంగ్లిషు మాట్లాడుతూ పెరిగి, బడిలో స్పానిష్ నేర్చుకున్నవారు రెండో రకం. మొదటివారికి మాట ధారాళంగా వస్తుంది, కానీ వ్యాకరణ పరిభాష, అక్షరాలపై స్వర చిహ్నాలు కొత్త. వాళ్లు మెచ్చుకుంటే, తమ ఇంటి మాట తప్పు కాదని ప్రొఫెసర్ చెప్పినందుకు మెచ్చుకుంటారు. తిడితే, ఆ మాటనే దిద్దినందుకు తిడతారు. రెండోవారి ఫిర్యాదు ఎక్కువగా వేగం గురించి, ఇంగ్లిషులో ఒక్క ముక్కైనా చెప్పకపోవడం గురించి, ధ్వని లిపిలో, అంటే పలికే ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు ఉండే లిపిలో, వాక్యాలు రాయించడం గురించి.

మీరు ఈ రెండు గుంపుల్లోనూ లేరు. అందుకే తరగతి తేలికని ఒకరు రాసినా, కష్టమని ఇంకొకరు రాసినా అది నేరుగా మీకు వర్తించదు. ధ్వనిశాస్త్రమే చూడండి. ఇంగ్లిషు విద్యార్థులు ప, త, క ధ్వనులను ఊపిరి వదలకుండా పలకడానికి వారాల తరబడి సాధన చేస్తారు. మనకు అది అఆలతోనే వచ్చింది. స్పానిష్‌లో ఉన్నది మన త. మనం ఇంగ్లిషు అలవాటుకొద్దీ ట అంటున్నామంతే. కర్ర, బుర్ర అనగలిగిన నోటికి కుక్కను పిలిచే ‘పెర్రో’ పెద్ద పని కాదు. నువ్వు, మీరు తేడా పుట్టుకతో తెలిసినవారికి ‘తూ’, ‘ఉస్తెద్’ మర్యాదలు ఎందుకో వివరించనక్కర్లేదు. మనకు అడ్డు తగిలేవి వేరు. స్పానిష్‌లో హ్రస్వ దీర్ఘాల వల్ల అర్థం మారదు. మనం అవసరం లేనిచోట దీర్ఘం తీస్తాం. అచ్చుల మధ్య ద మెత్తబడుతుంది. మనం గట్టిగా ఒత్తుతాం. రాయికీ బల్లకూ ఆడ మగ తేడా పెట్టే నామవాచకాలు, సంశయాన్నీ కోరికనూ చెప్పే క్రియా రూపాలు మరింత శ్రమ పెడతాయి. కాబట్టి ధ్వని లిపి ఎక్కువగా రాయిస్తారని ఎవరైనా విసుక్కుని ఉంటే, ఆ ప్రొఫెసర్ మీకు అనుకూలం కావచ్చు. వ్యాసాలు ఎక్కువగా రాయిస్తారని, లేదా మాట్లాడటానికే మార్కులని ఎవరైనా సంతోషపడి ఉంటే ఒకసారి ఆగి ఆలోచించండి.

ఉచ్చారణ గురించిన ఫిర్యాదులను మరింత జాగ్రత్తగా చదవాలి. ప్రొఫెసర్ కరీబియన్ ప్రాంతంవారో దక్షిణ స్పెయిన్‌వారో అయితే మాట చివరి స సగం మింగేస్తారు. అర్జెంటీనావారైతే ‘తూ’ బదులు ‘వోస్’ అంటారు. పుస్తకంలోని స్పానిష్‌కు అలవాటుపడ్డ విద్యార్థి దీన్ని లోపంగా రాసేస్తాడు. నిజానికి ఆ కోర్సు చెప్పేదే ఈ తేడాల గురించి. శ్రీకాకుళం మాట, ఆదిలాబాద్ మాట, అనంతపురం మాట విన్న మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇదే విషయం మీద పాత పరిశోధన ఒకటి ఉంది. జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ రూబిన్ 1992లో ప్రచురించినది. విద్యార్థులందరికీ అమెరికన్ గొంతుతో రికార్డు చేసిన ఒకే ఉపన్యాసం వినిపించారు. కొందరికి తెల్లజాతి మహిళ ఫొటో, మరికొందరికి ఆసియా మహిళ ఫొటో చూపించారు. ఆసియా ముఖం చూసినవారికి లేని యాస వినబడింది. పాఠం కూడా తక్కువ అర్థమైంది. ఉత్తర కరొలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో మరో పరిశోధన జరిగింది, 2015లో అచ్చయింది. ఆన్‌లైన్ కోర్సులో బోధించేవారు విద్యార్థులకు కనిపించరు కాబట్టి ఒక్కొక్కరినీ ఒక విభాగంలో మగపేరుతో, ఇంకో విభాగంలో ఆడపేరుతో పరిచయం చేశారు. చిన్న ప్రయోగమే, కానీ ఎవరు చెప్పినా మగపేరుకే ఎక్కువ మార్కులు పడ్డాయి. ఫలానా ప్రొఫెసర్ మాట అర్థం కాదని చదివినప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోండి. మాస్టర్స్‌లో బోధన సహాయకులుగా చేరబోయేవారికి ఇది మరీ అవసరం, మీ గురించి కూడా ఇలాంటి మాటలే రాస్తారు.

విద్యార్థులు ప్రొఫెసర్లకు మార్కులు వేసే వెబ్‌సైట్ రేట్‌మైప్రొఫెసర్స్ పేరు వచ్చిన వారంలోనే మీ చెవిన పడుతుంది. 1999 నుంచి నడుస్తోంది. బోధనకు ఐదుకు ఎన్ని, కష్టానికి ఐదుకు ఎన్ని అని లెక్క చూపిస్తుంది. ప్రొఫెసర్ అందంగా ఉన్నారని మిరపకాయ బొమ్మ వేసే ఏర్పాటు కూడా అందులో 2018 దాకా ఉండేదంటే, ఆ మార్కుల గంభీరత ఎంతో మీకే అర్థమవుతుంది. అయినా పూర్తిగా కొట్టిపారేయకండి. సగటు అంకెను వదిలేసి, మాటలు చదవండి. ఏ కోర్సు, ఏ సంవత్సరం, పరీక్షలు ఎన్ని, పని ఎన్నాళ్లకు దిద్ది ఇస్తారు, హాజరుకు మార్కులున్నాయా వంటి తనిఖీకి నిలిచే వివరాలు పనికొస్తాయి. నలుగురు వేర్వేరు సంవత్సరాల్లో ఒకే మాట అంటే దానికి బరువుంది. బాగా కోపం వచ్చినవారూ బాగా నచ్చినవారూ పనిగట్టుకుని రాస్తారు. మధ్యలో ఉన్న చాలామంది రాయరు. మన సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ‘తేలిగ్గా A గ్రేడు’ జాబితాలకూ ఇదే వర్తిస్తుంది. పైగా వాటిలో చాలావరకు కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌వారివి, భాషా విభాగం గురించి వారికి తెలిసింది తక్కువ.

వీటన్నిటికంటే సిలబస్, అంటే కోర్సు పాఠాలు, పరీక్షలు, నియమాలు రాసి ఇచ్చే పత్రం, నమ్మదగినది. టెక్సస్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు డిగ్రీ కోర్సుల సిలబస్‌నూ, బోధించేవారి అర్హతల వివరాలనూ అందరికీ కనిపించేలా ఉంచాలని 2009లో చట్టమే చేశారు. మిగతాచోట్ల విభాగం కార్యాలయానికి మెయిల్ రాస్తే పాత సిలబస్ పంపవచ్చు. వ్యాసాలకు అనువాద యంత్రాలు వాడితే ఏం జరుగుతుందో తరచూ అందులో రాసి ఉంటుంది. ప్రొఫెసర్ కఠినుడని కోపంగా రాసిన వారిలో కొందరి కథ అక్కడే తెలిసిపోతుంది.

మొదటి వారంలో తరగతికి వెళ్లి చూడండి. నచ్చకపోతే మార్చుకునే గడువు సాధారణంగా మొదటి ఒకటి రెండు వారాలే. ఆ తర్వాత మానుకుంటే మార్కుల పత్రంలో మధ్యలో మానుకున్నట్టు ‘డబ్ల్యూ’ పడుతుంది, కట్టిన ఫీజూ పూర్తిగా తిరిగి రాదు. ఎఫ్‌-1 (విద్యార్థి) వీసాపై ఉన్నవారికి ఇంకో మెలిక ఉంది. డిగ్రీ విద్యార్థి సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు చదువుతుండాలి. ఒక కోర్సు వదిలితే ఆ సంఖ్య తగ్గేలా ఉంటే, వదలకముందే విదేశీ విద్యార్థుల కార్యాలయం అనుమతి తీసుకోవాలి. వదిలేసి తర్వాత చెబితే వీసా హోదాకే ముప్పు. బదులుగా ఆన్‌లైన్ కోర్సు తీసుకుందామన్నా, ఆ 12లో ఒక్క ఆన్‌లైన్ కోర్సును, అదీ 3 క్రెడిట్ల వరకే, లెక్కలోకి తీసుకుంటారు. అమెరికన్ స్నేహితుడు ఇచ్చే ‘నచ్చకపోతే మానేయి’ సలహాలో ఇవేవీ ఉండవు.

ప్రొఫెసర్‌నే అడగడానికి జంకకండి. వారానికి రెండు మూడు గంటలు విద్యార్థుల కోసమే గది తలుపు తెరిచి కూర్చుంటారు. మన కళాశాలల్లో ఆ గదికి పిలిస్తేనే వెళ్లేవాళ్లం; ఇక్కడ వెళ్లకపోతేనే ఆసక్తి లేదనుకుంటారు. నా మాతృభాష తెలుగు, ఈ ధ్వనులు తేలిక, ఈ వ్యాకరణం కష్టం అని చెప్పండి. భాషాశాస్త్రం చదివినవారికి అది ఆసక్తి పుట్టించే సంగతి. స్పానిష్ విభాగాల్లో కొందరు ‘తూ’ అని పిలిపించుకోవడానికే ఇష్టపడతారు. వారు చెప్పేదాకా మీరు ‘ఉస్తెద్’ అంటే తప్పు పట్టరు.

సెమిస్టరు చివర్లో అభిప్రాయ పత్రం మీ ముందుకూ వస్తుంది. పేర్లు ఉండవు, మార్కులు ఇచ్చేశాకే ప్రొఫెసర్‌కు చేరుతుంది. ఏడాది ఏడాదికి ఒప్పందం మీద పనిచేసే అధ్యాపకులకు ఆ కాగితం మీదే తర్వాతి ఒప్పందం ఆధారపడవచ్చు. టొరంటోలో అప్పట్లో రైర్సన్ అనే పేరున్న (ఇప్పుడు టొరంటో మెట్రోపాలిటన్) విశ్వవిద్యాలయంలో అయితే పదోన్నతికి బోధన సామర్థ్యాన్ని వీటితో కొలవకూడదని 2018లో మధ్యవర్తి తీర్పు ఇచ్చారు. అన్నిచోట్లా అలా లేదు. దుస్తులు, యాస, వయసు జోలికి పోకుండా ఏ పాఠం అర్థమైంది, ఏది కాలేదు, దిద్దిన కాగితం ఎప్పుడు చేతికొచ్చింది అన్నవి రాయండి. పన్నెండు మందే ఉన్న తరగతిలో తెలుగు ప్రస్తావన తెస్తే మాత్రం పేరు రాసినట్టే.