నేలవేము ఆకు ల్యాబుకు చేరేముందు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల కాలం వచ్చేస్తోంది. నేలవేము ఆకులోని చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్‌ను కొలవబోయేవారు ఇవి చూసుకోండి.

• పొడి చేయకముందే పూతతో ఉన్న కొమ్మనొకదాన్ని హెర్బేరియం షీటుకు (ఎండబెట్టిన మొక్కను భద్రపరిచే అట్టకు) అతికించి, వృక్షశాస్త్రం తెలిసినవారితో పేరు నిర్ధారించుకోండి. బజారులో ‘చిరాయతా’ పేరుతో వేరే మొక్కనూ అమ్ముతారు, రెండూ చేదే. పొడి అయ్యాక నాలుక ఏమీ తేల్చలేదు, నెలల శ్రమ నీళ్లపాలు.

• నీడలోనే ఆరబెట్టండి. ఆకు వేళ్ల మధ్య పెళుసుగా విరగాలి. తేమ మిగిలితే బూజు పడుతుంది, తూకమూ తప్పుతుంది.

• సారం తీయడానికి మిథనాల్ వాడండి. ఆండ్రోగ్రాఫోలైడ్ నీటిలో సరిగా కరగదు.

• సారం కన్నా ముందుగా ఉత్త మిథనాల్‌ను HPLC యంత్రంలోకి (సారంలోని పదార్థాలను విడదీసి కొలిచేది) పంపండి. పాత నమూనా మిగులు ఉంటే అక్కడే బయటపడుతుంది.

• ఆ ముదురాకుపచ్చ సారాన్ని 0.45 మైక్రాన్ల ఫిల్టరుతో వడకట్టకుండా ఎక్కించకండి. యంత్రంలో పదార్థాలను విడదీసే గొట్టం (కాలమ్) పూడుకుపోతే కొత్తది కొనిచ్చేవారు ఉండరు.