హెచ్‌ఓఎం క్యూ దిగడం లేదా? ముందు పోర్టు మీద ఏముందో చూడండి

నయోబియం కావిటీ (రేడియో తరంగాలతో కణాల బీమ్ వేగం పెంచే లోహపు గది) 2 కెల్విన్‌కు పోకముందు, దాని రాగి మోడల్ మీద హెచ్‌ఓఎం కప్లర్ పరీక్షించేవాళ్లకు ఇది. హెచ్‌ఓఎం అంటే పనిచేసే మోడ్ కంటే పై ఫ్రీక్వెన్సీల్లో బీమ్ లేపే అక్కర్లేని ఊపులు, కప్లర్ వాటి పవర్‌ను బయటికి లాగే భాగం. క్యూ అంటే ఊపు ఎంతసేపు నిలుస్తుందో చెప్పే అంకె, అది ఎక్కువైతే పీక్ సన్నగా ఉంటుంది. లెక్కలన్నీ 1.3 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే, తొమ్మిది సెల్లుల (వరుస గదుల) టెస్లా ఆకారానివి; ఈ టెస్లా కార్ల కంపెనీ కాదు, యాక్సిలరేటర్ డిజైన్. నెట్‌వర్క్ అనలైజర్ (ఫ్రీక్వెన్సీ మారుస్తూ స్పందన కొలిచే పరికరం) కాలిబ్రేషన్ మీకు వచ్చనే అనుకుంటున్నా.

కప్లర్ బిగించినా పీక్ సన్నగానే ఉంది

కప్లర్ పోర్టుకు (పవర్ బయటికొచ్చే కనెక్టర్‌కు) 50 ఓమ్‌ల లోడ్, అంటే పవర్ మింగే రెసిస్టర్ పెట్టారా? కప్లర్ తనంతట తాను పవర్ తినదు, బయటికి లాగి లోడ్‌కు అప్పజెబుతుంది. పోర్టు ఖాళీగా ఉంటే వచ్చిన పవర్ వచ్చినట్టే వెనక్కి పోతుంది. ఫ్రీక్వెన్సీ కాస్త జరుగుతుందేమో గానీ క్యూ దిగదు. ఇది చూడకుండానే కప్లర్ లూప్ (కావిటీ వైపు చాచిన తీగ) వంచడానికి పూనుకుంటారు, ఏం చెప్పాలి!

లోడ్ పెట్టాక కూడా క్యూ సగానికి పడాలని చూడకండి. రాగి సొంత క్యూ 20,000, కప్లర్ వైపు క్యూ 1,00,000 అయితే కనబడేది సుమారు 16,700.

ఒకసారి క్యూ దిగింది, ప్రోబ్ తీసి పెడితే దిగలేదు

అసలు దొంగ ఇక్కడున్నాడు. 1.6 నుంచి 1.9 గిగాహెర్ట్జ్ మధ్య ఉండే డైపోల్ (రెండు ధ్రువాల) మోడ్‌లు జంటలుగా వస్తాయి. తాడును పైకీ కిందికీ ఊపొచ్చు, పక్కలకూ ఊపొచ్చు. ఇదీ అంతే, ఒకే మోడ్ 90 డిగ్రీల తేడాతో రెండు దిక్కుల్లో ఊగుతుంది. కావిటీ అచ్చం గుండ్రంగా ఉంటే రెండింటి ఫ్రీక్వెన్సీ ఒకటే. చిన్న సొట్టో, కావిటీకి పవర్ ఇచ్చే పవర్ కప్లర్ రంధ్రమో ఉంటే కొద్దిగా విడిపోతాయి.

కప్లర్ లూప్ ఒక దిక్కునే గట్టిగా పట్టుకుంటుంది. మీ ప్రోబ్ (కావిటీలోకి సిగ్నల్ పంపే చిన్న యాంటెనా) కూడా అదే దిక్కున ఉంటే, మీరు లేపేదీ అదే, అణిగేదీ అదే. స్క్రీన్ మీద అంతా పండగే. అడ్డదిక్కు మోడ్‌ను మీరు లేపనే లేదు, ఇక కనబడేదెలా? బీమ్ మాత్రం దాన్ని వదలదు.

ప్రోబ్‌ను కప్లర్ దిక్కుకు 45 డిగ్రీల్లో పెట్టండి. స్పాన్ (స్క్రీన్ మీద చూసే ఫ్రీక్వెన్సీ మేర) తగ్గించండి: 500 మెగాహెర్ట్జ్‌కు 201 పాయింట్లంటే అడుగుకు 2.5 మెగాహెర్ట్జ్. 1.7 గిగాహెర్ట్జ్ దగ్గర 20,000 క్యూ ఉన్న పీక్ వెడల్పు 85 కిలోహెర్ట్జే, సందులోంచి జారిపోతుంది. 5 మెగాహెర్ట్జ్ స్పాన్, 1601 పాయింట్లు పెట్టి చూడండి. ఒక పీక్ బొద్దుగా, పక్కనే ఇంకోటి సూదిలా ఉంటే దొరికినట్టే.

మందు: అవతలి చివర రెండో కప్లర్, వేరే కోణంలో. 180 డిగ్రీలు పెడితే అదే దిక్కు, దండగ. 90 పెడితే డైపోల్‌కు సరిపోతుంది గానీ, క్వాడ్రుపోల్ (నాలుగు ధ్రువాల) మోడ్‌లకు 90 తిప్పినా అదే దిక్కు. టెస్లా కావిటీలో రెండింటి మధ్య సుమారు 115 డిగ్రీలుంటాయి.

హెచ్‌ఓఎం పోర్టులోంచి 1.3 గిగాహెర్ట్జే కారుతోంది

1.3 గిగాహెర్ట్జ్‌ను పోర్టులోకి పోనివ్వకుండా ఆపే నాచ్ ఫిల్టర్ గురి తప్పింది. కప్లర్ డబ్బా గోడను లాగి, నొక్కి లోపలి గ్యాప్ సరిచేయాలి. అయితే అనంతపురం మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే, 10 డిగ్రీలకు రాగి కావిటీ దాదాపు 220 కిలోహెర్ట్జ్ కిందికి జారుతుంది. పొద్దున రాసుకున్న ఫ్రీక్వెన్సీకి నాచ్ బిగించకండి, కావిటీ పీక్ మళ్లీ కొలిచాకే గోడ మీద చెయ్యి వేయండి.

మధ్య సెల్లుల్లోనే చిక్కుకుపోయే మోడ్‌లూ కొన్నుంటాయి. చివర్లలో ఎన్ని కప్లర్లు పెట్టినా వాటిని అందుకోలేవు, ఆకారమే మార్చాలి.