ఓరుగల్లు నుంచి తిరుపతికి విమానంలో ఎంత దూరం, ఎంత సమయం: లెక్క వేసుకునే విధానం

రెండు విమానాశ్రయాల మధ్య గగన దూరం తెలుసుకోవడానికి వాటి అక్షాంశ, రేఖాంశాలు చాలు. గూగుల్ మ్యాప్స్‌లో రన్‌వే మీద కాసేపు వేలు నొక్కి ఉంచితే ఆ రెండు సంఖ్యలూ కనిపిస్తాయి. ఓరుగల్లు నుంచి ఇంకా విమానాలు నడవడం లేదు కనుక హైదరాబాద్ వెళ్లి శంషాబాద్‌లో ఎక్కాలి. శంషాబాద్‌కు అవి సుమారు 17.24, 78.43, తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటకు 13.63, 79.54.

అక్షాంశాల తేడా 3.61 డిగ్రీలు. ఒక్కో డిగ్రీ 111 కి.మీ. కాబట్టి అది 401 కి.మీ. అవుతుంది. రేఖాంశాల మధ్య ఎడం ఉత్తరానికి పోయేకొద్దీ తగ్గుతుంది. మన ప్రాంతంలో డిగ్రీకి 107 కి.మీ. వేసుకుంటే, 1.11 డిగ్రీల తేడాకు 119 కి.మీ. వస్తుంది. ఈ రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 418 కి.మీ. బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రమే ఇది; ఇంత తక్కువ దూరాలకు భూమి గుండ్రదనాన్ని పట్టించుకోనక్కర్లేదు. అయితే విమానం గీత గీసినట్టు పోదు, నిర్ణీత మార్గాల్లో వెళ్లి రన్‌వే దిశకు తిరిగి దిగుతుంది కనుక కొంత అదనంగా కలుపుకోవాలి.

సమయం దగ్గరే చాలామంది పొరబడతారు. ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం గంటకు దాదాపు 500 కి.మీ. వేగంతో పోతుంది కాబట్టి 418 కి.మీ.కి 50 నిమిషాలు చాలుననిపిస్తుంది గానీ, టికెట్ మీద ఉండే సమయం విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి అవతల ఆగేదాకా లెక్క. విమానం రన్‌వే దాకా కదలడానికి, పైకెక్కి దిగడానికి మరో 20, 25 నిమిషాలు కలపాలి. జెట్ విమానం ఎంత వేగవంతమైనదైనా ఇలాంటి చిన్న దూరంలో మిగిల్చేది పది నిమిషాలకు మించదు. దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ.

హన్మకొండ వాసికి అసలు ఖర్చయ్యేది నేల మీది సమయమే. జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్, ఆపై ఔటర్ రింగు రోడ్డు మీదుగా శంషాబాద్ చేరడానికి మూడు గంటలకు పైగా, అక్కడ ముందుగా చేరుకోవడానికి రెండు గంటలు, విమానంలో గంటంబావు, సామాను తీసుకుని రేణిగుంట నుంచి ఊళ్లోకి చేరడానికి ముప్పావుగంట: మొత్తం ఏడు గంటలు. కాజీపేటలో సాయంత్రం దాటాక పద్మావతి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కి నిద్రపోయేవారికి ఈ లెక్క పెద్దగా ఆకర్షణీయంగా ఉండదు.

ఓరుగల్లు పక్కనే ఉన్న, 2025లో కేంద్రం అనుమతి పొందిన మామునూరు విమానాశ్రయానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అది 17.91 అక్షాంశం, 79.60 రేఖాంశం దగ్గర ఉంది, అంటే రేణిగుంటకు దాదాపు నిట్టనిలువుగా ఉత్తరాన. రేఖాంశాల లెక్క వదిలేసి 4.28ని 111తో గుణిస్తే 475 కి.మీ. వస్తుంది. గగన దూరం 57 కి.మీ. పెరిగినా, అక్కడి నుంచి నేరుగా విమానం నడిస్తే ఇంటి నుంచి తిరుపతి ఊళ్లోకి నాలుగున్నర గంటల్లో చేరవచ్చు.